కరిబసనపల్లి దప్పి

మా ఆడపడుచు నీలావతి దాహానికీ, మా బత్తాయి తోటలోని మోటారుకూ లంకె ఉందని ఇంట్లో మొదట కనిపెట్టింది నేనే. కరెంటు వచ్చి మోటారు మొదలవగానే, వంటింట్లో నా పక్కన కూర్చుని అలసంద కాయలు ఒలుస్తున్న పిల్ల చటుక్కున లేచేది. కుండలో చెంబు ముంచి గటగటా తాగేది. కూర్చునేది, మళ్లీ లేచేది. మోటారు ఆగిన తర్వాతే ఆమె చేయి కాయల మీద నిలకడగా ఆడేది. మొదట్లో నాకు నవ్వొచ్చింది.

"మీ నాయిన చీనీ చెట్లకు పారగడతాంటే నువ్వు ఈడ తాగుతాండావే. నువ్వేమన్నా చెట్టా మే?" అన్నాను.

నీల నవ్వలేదు. "చెట్టయినా బాగుండు వదినా. వాటికి అందుతాండాయి. నాకు ఎంత తాగినా లోపలికి దిగినట్టే ల్యా."

జడ పక్కకు తీసి చెవి వెనక చూపించింది. ఆవగింజంత ఉబ్బు, దాని మీద మానిన గీత. అప్పటికి ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. చెప్పకుండా చేయించుకున్నందుకు ముందు నాలుగు తిట్టాను. ఆ తర్వాతే అదేమిటని అడిగాను.

మాది అనంతపురానికి పడమటి వైపు ఉన్న కరిబసనపల్లి. వాన మాకు చుట్టపుచూపుగా వస్తుంది. నీల డిగ్రీ చదివి, పట్నంలో ఉద్యోగం చూసుకోమంటే వినకుండా సేద్యం చేస్తానని తిరిగొచ్చిన పిల్ల. తనలాంటి ఆరుగురిని పోగేసి యువ రైతు సంఘం పెట్టింది. ఏడుగురూ కలిసి కొండ మీద కందకాలు తవ్వారు, వంకలకు అడ్డంగా రాళ్లు పేర్చారు, కానుగ మొక్కలు నాటి బిందెలతో నీళ్లు మోసి బతికించారు. పెద్దవాళ్లు వచ్చి ఫొటోలు దిగారు, చప్పట్లు కొట్టారు, ఇంటికెళ్లి మోటార్లు వేసుకున్నారు. పిల్లలు ఏడాదంతా చెమటోడ్చి భూమిలోకి దించిన నీళ్లను మా ఊరు ఒక్క వేసవిలో పైకి లాగేసేది. అందులో మా మామ తిమ్మప్ప వాటా తక్కువేమీ కాదు.

మృణాళిని మేడమ్ వచ్చింది ఆ రోజుల్లోనే. నరాల మీద పరిశోధన చేసే మనిషి. వాడకం మానేసిన పట్టుపురుగుల షెడ్డు ఒకటి సంఘం చేతిలో ఉంటే, అందులో మిషన్లు పెట్టుకుంది. ఊళ్లో ఎండిపోయిన బోర్లన్నిటిలోకీ సన్నని తీగలు దించింది. నేల కింద నీళ్లు తగ్గితే ఆ తీగల ద్వారా సంఘం పిల్లలకు దాహంగా తెలిసేలా, ఏడుగురి చెవుల వెనకా గింజంత మిషను పెట్టింది. మామ ఆ షెడ్డుకు వెళ్లింది బిడ్డ చెవి కోసిన మనిషిని నిలదీద్దామని. నేనూ వెంట వెళ్లాను. కానీ మేడమే ముందు ఎదురు ప్రశ్న వేసింది.

"నీళ్లు అయిపోతున్నాయని తెలిసి కూడా మోటారు ఎందుకు ఆపరు మీరు?"

"కంటికి కనపడని నీళ్లకు యాడని కొలత పెట్టేది మేడమ్? వచ్చినన్ని దినాలు వస్తాయి."

"కంటికి కనపడక్కర్లేదు తిమ్మప్పగారూ. గొంతుకు తెలిస్తే చాలు."

ఏడుగురినీ ఒక బెంచీ మీద కూర్చోబెట్టింది. ఫోన్ తీసి ఎవరితోనో "వేయండి" అంది. ఊరికి ఆ చివర, చప్పుడు ఇక్కడికి వినపడనంత దూరంలో ఎవరో మోటారు వేశారు. కాసేపటికి బెంచీ మీద మాటలు ఆగిపోయాయి. ఏడుగురి చేతులూ గొంతుల మీదికి పోయాయి, ఒకరిది ముందు ఒకరిది వెనక అని లేకుండా. మేడమ్ "ఆపండి" అంది. చేతులు దిగాయి. ఈరన్న కొడుకు కరిబసప్ప, ఎప్పుడూ ఏదో ఒకటి అని నవ్వించేవాడు, "చూసినావా పెద్దనాయినా, మాకు మీటరు బిగించినారు" అన్నాడు. అందరూ నవ్వారు. మామ మాత్రం నీల గొంతు వైపే చూస్తున్నాడు.

పక్కవాడి చెట్టు ఎండితే చూస్తూ ఊరుకోగలిగిన మనిషి, సొంత బిడ్డ గొంతు పట్టుకుని అల్లాడుతుంటే ఊరుకోలేడు. ఆ పిల్లల ఆశంతా దాని మీదే. ఎవరూ బలవంతపెట్టలేదు వాళ్లను. తమంతట తామే ఒప్పుకుని గింజలు పెట్టించుకున్నారు. వాళ్ల లెక్క తప్పలేదు. ఆ నెలలోనే మా మామ చీనీ తోటకు డ్రిప్పు వేయించాడు, వరిమడి మానేశాడు. ఈరన్న తన రెండో బోరుకు మూత బిగించాడు. మిగిలిన ఇళ్లవాళ్లకు గింజ పెట్టుకున్న బిడ్డలు లేకపోయినా, ఎదురుగా వచ్చే పిల్లల ఎండిన పెదవులు చూసి సిగ్గుపడ్డారు. పంచాయతీ ఎన్నిసార్లు తీర్మానం చేసినా జరగని పని ఏడు గొంతులతో జరిగిపోయింది.

ఆ ఏడు మంచి వాన పడింది కూడా. వాన పడుతుంటే సంఘం పిల్లలు తలా ఒక గట్టు మీద కళ్లు మూసుకుని నిలబడ్డారు. నీల ఇంటికొచ్చి తల తుడుచుకుంటూ, "నేల తాగుతాంటే మాకు తెలుస్తాది వదినా. ఒళ్లంతా సల్లగా నిండుతాది. అంత సుఖం ఇంగోటి లేదనుకో" అంది. ఆ మాట చెప్పినప్పుడు దాని మొహం చూసి నాకు అసూయ కలిగింది. షెడ్డులో తెర మీద నీటిమట్టం గీత పైకి పాకింది. ఎవరెవరో కార్లలో వచ్చి పిల్లలకు శాలువాలు కప్పారు.

భయం మొదలైంది మాత్రం ఒక పెళ్లి భోజనాల దగ్గర. సంఘం పిల్లలు వేర్వేరు పంక్తుల్లో కూర్చున్నారు, ఒకరికొకరు కనపడరు కూడా. నేను పప్పు వడ్డిస్తున్నాను. నీల ముద్ద నోటి దగ్గరికి తెచ్చి ఆగిపోయింది. తల ఎత్తి చూస్తే, ఏడు ఆకుల దగ్గర ఏడు చేతులూ ఆగిపోయి ఉన్నాయి. ఏడుగురూ ఒక్కసారే ముద్ద వదిలి గ్లాసు అందుకున్నారు. ఒక్కసారే దించారు.

"తూరుపు పక్క బోరు. అడివయ్యగారి తోట" అంది నీల, ఎవరూ అడగకుండానే, తల తిప్పకుండానే.

ఎవరో బండేసుకుని వెళ్లి చూసొచ్చారు. నిజమే. ఊరంతా పెళ్లిలో ఉంది కదా అని దొంగతనంగా మోటారు వేసుకున్నాడు. అడివయ్యను అందరూ చీవాట్లు పెట్టారు. కానీ ఆ రోజు నుంచి సంఘం పిల్లల పక్కన కూర్చుని తినడానికి జనం వెనకాడారు. ఒక ముసలావిడైతే నీల ఎదురొస్తే దారి తప్పుకుని నడిచేది. నాకు ఒళ్లు మండి ఆమెను కడిగేశాను, అది వేరే సంగతి.

తర్వాతి రెండేళ్లూ వాన మొహం చాటేసింది.

మా చీనీ తోట గురించి చెప్పాలి. మామకు నీల తర్వాత ఆ చెట్లే. ఏ చెట్టుకు చీడ పట్టిందో, ఏది ఈ ఏడు కాపు తగ్గించిందో ఇంట్లో అన్నం తింటూ చెప్పేవాడు. ఆ వేసవిలో ఆకులు ముడుచుకున్నాయి. తర్వాత పండిపోయి రాలడం మొదలైంది. మామ తోటకు పోయి వచ్చి రాలిన ఆకులు ఒళ్లో పోసుకుని కూర్చునేవాడు. మోటారు వేద్దామని స్టార్టరు డబ్బా దాకా వెళ్లి, తిరిగి వచ్చిన రోజులు నేను చూశాను. ఆ మాట నీలకు చెప్పలేదు. చెప్పే పని లేదు, దానికి తెలుసు.

ఆ ఎండలో మామకు ఒక ఆలోచన వచ్చింది. మా వైపు రైతులందరూ నమ్మేదే అది. పైనీళ్లు వేరు, కిందినీళ్లు వేరు అంటారు. పైనీళ్లు ఊరంతటివీ అట, రాతి కింద ఎక్కడో లోతులో ఉన్న గంగ మాత్రం ఎవరి అదృష్టం కొద్దీ వాళ్లకు తగులుతుందట.

"పైనీళ్ల జోలికి పోనమ్మా. ఆ తీగలు దిగనంత కిందకి పోతా. ఆడుండేది వేరే గంగ. పిల్లకేమీ గాదు, చెట్లు బతుకుతాయి" అన్నాడు నాతో.

"మేడమ్‌ను ఒక మాట అడుగు మామా" అన్నాను.

"ఆ యమ్మ పట్నంలో ఉండాది. వచ్చేలోపల చెట్లుండవు."

నీళ్లెక్కడ పడతాయో చెప్పడానికి అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచే మనిషిని పిలిపించాడు. తోట మధ్యలో కాయ నిటారుగా లేచి నిలబడిందట. అక్కడే బోరు బండి దిగింది. కొత్త బోరులో నీళ్లు పడితే తొలి బిందె ఇంటి ఆడబిడ్డ పట్టాలి మాకు. పసుపు, కుంకుమ, టెంకాయ, కొత్త బిందె అన్నీ సిద్ధం చేసి నీలకు కబురు పెట్టమన్నాడు. షెడ్డులో ఉందని మా ఆయన రామాంజి ఫోన్ చేస్తూనే ఉన్నాడు, ఎత్తడం లేదు.

పొద్దున మొదలైన రిగ్గు మధ్యాహ్నం దాకా తెల్లటి రాతిపొడి ఎగజిమ్మింది. తర్వాత పొడి తడిసింది. తర్వాత బూడిదరంగు బురద, ఆ వెనకే నీళ్లు, మనిషి ఎత్తు దాటి. మామ నేల మీద బోర్లా పడి దండం పెట్టాడు. నేను టెంకాయ అందుకోబోతూ గట్ల వైపు చూశాను.

వాళ్లు వస్తున్నారు. ఒక్కొక్కరు ఒక్కో దిక్కు నుంచి, దారి వదిలేసి, ముళ్లకంపలకు అడ్డం పడి పరిగెత్తి వస్తున్నారు. అరుపు లేదు, పిలుపు లేదు. రిగ్గు మీద పనివాళ్లు వాళ్లను చూసి మిషను వదిలేసి దూకి పారిపోయారు. ఏడుగురూ వచ్చి ఆ బురదనీళ్లకు నోళ్లు అప్పగించారు. నీల మొహం నిండా రాతిపొడి, కళ్లు తెరవడం లేదు, మింగుతూనే ఉంది. రామాంజి నడుము పట్టుకుని లాగితే అన్న చేయి కొరికింది.

"నాయినా, మూత పెట్టు. మూత పెట్టు నాయినా" అంది, మధ్యలో ఊపిరి తీసుకున్నప్పుడు.

వేరే గంగ ఏమీ లేదు కింద. మామ దించింది అందరి నీళ్ల అడుగుకే. ఊరి కిందా, కొండ అవతలి ఊళ్ల కిందా ఉన్నది ఒకటే రాతి తొట్టి. దాని అట్టడుగున కన్నం పెట్టాడు.

రిగ్గు ఆపించి, బోరుకు మూత వేసి పిల్లలను ఎవరిళ్లకు వాళ్లు తీసుకెళ్లాం. కరిబసప్ప మాత్రం ఇంటికెళ్లాక కూడా కొళాయి దగ్గరే కూర్చున్నాడు. దాహం వేసిన పిల్లాడు నీళ్లు తాగుతుంటే ఏ తల్లి వద్దంటుంది? తాగనిచ్చారు. తెల్లారేసరికి మూర్ఛలు వచ్చాయి. ఒంట్లోని ఉప్పంతా పలచబడిపోయిందనీ, అంత నీళ్లు ఒకేసారి తాగితే విషంతో సమానమనీ ఆసుపత్రిలో చెప్పారు. అప్పటికే ఆలస్యమైపోయింది. మా పల్లెలో, నీళ్లు లేక వలస పోయిన పల్లెలో, ఒక పిల్లాడు నీళ్లు తాగి చచ్చిపోయాడు.

మేడమ్ వచ్చింది. ఈరన్న ఇంటి ముందు మెట్టు మీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది. ఆ వారమే మిగిలిన ఆరుగురి చెవుల వెనకా మళ్లీ కోసి గింజలు తీసేసింది. తీగలు లాగేసింది, మిషన్లు ఆర్పేసింది. అంతా అయిపోయిందనుకుని నేను ఆ రోజు పాయసం కూడా వండాను.

పాయసం తింటూ నీల చేయి గొంతు మీదికి పోయింది.

"ఏమైంది?" అన్నాను.

"కొండవతల. ఎవరో టమోటాకు పారగడతాండారు" అంది.

మేడమ్ నమ్మలేదు. తన కారులోనే నీలను దూరంగా నగరానికి తీసుకెళ్లింది, కిటికీలు లేని గదిలో కూర్చోబెట్టింది. ఇక్కడ రామాంజి ఇష్టమొచ్చినప్పుడల్లా మోటారు వేసి ఆపాడు. ఎప్పుడు వేశాడో, ఎప్పుడు ఆపాడో అంత దూరం నుంచి నీల చెప్పింది. ఒక్కసారి కూడా తప్పలేదు. తిరిగొచ్చిన తర్వాత మేడమ్ నీలను ముట్టుకోవడానికి కూడా జంకడం నేను గమనించాను.

"గింజ దారి చూపించింది, అంతే. దారి తెలిశాక గింజతో పనిలేదు వాళ్లకు. ఇది నా మిషను చేస్తున్న పని కాదమ్మా. ఏం చేస్తోందో నాకు తెలియదు" అంది నాతో, వంటింటి గుమ్మంలో నిలబడి.

ఊళ్లో తాగునీటి బోరు తప్ప అన్ని మోటార్లూ ఆపేశారు. మా చీనీ చెట్లు నిలువునా ఎండిపోయాయి. మామ వాటి వైపు పోవడం మానేసి, కొండ అవతలి ఊళ్లకు పోవడం మొదలుపెట్టాడు. ప్రతి తోట ముందూ చేతులు జోడించి నిలబడ్డాడు. "మీ పిల్లకు దప్పి అయితే మా పైరు ఎండగట్టుకోవాల్నా పెద్దాయనా?" అన్నారు వాళ్లు. వాళ్ల మాటలో నాకూ తప్పు కనపడలేదు. వాళ్లకూ పిల్లలున్నారు.

ఇంట్లో నేను చేయాల్సి వచ్చిన పని ఒకటుంది. నీళ్ల కుండను వంటింట్లో పెట్టి తలుపుకు తాళం వేశాను. డాక్టరు చెప్పినన్ని నీళ్లు, ఉప్పు కలిపి, గ్లాసుతో నీలకు నేనే ఇచ్చేదాన్ని. తలుపు అవతల నేల మీద కూర్చుని అది అడిగేది. "ఒక్క గుక్క వదినా. నాలిక తడుపుకుంటా, మింగను. ఒట్టు." నేను ఇవతల కూర్చుని చెవులు మూసుకునేదాన్ని. బిడ్డలకు అన్నం పెట్టలేని తల్లి బాధ ఎలా ఉంటుందో నాకు తెలియదు కానీ, అది దీనికంటే ఎక్కువ ఉంటుందనుకోను.

ఓపిక ఉన్న ఒక సాయంత్రం నీల నా చేయి పట్టుకుంది. "వదినా, నాయిన ఏమన్నా సేస్తాడేమో. నా పేరు సెప్పుకుని నీళ్ల జోలికి పోవద్దని సెప్పు. మేము ఇంతా సేసింది ఆ నీళ్ల కోసరం." చెబుతానన్నాను. చెప్పాను కూడా.

ఒకరోజు నీలను చూడటానికి మా ఇంటికి వచ్చినప్పుడు మేడమ్ నోటి నుంచి ఒక మాట జారింది. ఆమె దాన్ని వైద్యంగా చెప్పలేదు పాపం, తనలో తాను ఆలోచించుకుంటూ అంది. "నీటిమట్టం కదులుతున్నంత కాలం వీళ్లకు ఇది తప్పదు. కదలడానికి అక్కడేమీ లేకపోతే, తెలియడానికీ ఏమీ ఉండదు."

మామ తల ఎత్తాడు. "అంటే, నీళ్లు పూర్తిగా అయిపోతే పిల్లకు దప్పి పోతాదా?"

"నేను ఆ అర్థంతో అనలేదండీ."

"పోతాదా, పోదా?"

"పోవచ్చు" అంది మేడమ్.

ఆరుగురి తల్లిదండ్రులూ పట్టుపురుగుల షెడ్డులో కలిశారు. పిల్లలను రానివ్వలేదు. కొడుకు పోయిన ఈరన్న కూడా వచ్చి మూల కూర్చున్నాడు. నేను నీల చెప్పిన మాట అందరి ముందూ చెప్పాను. కొండ అవతలి ఊళ్ల మాటేమిటని అడిగాను. పిల్లలు ఇన్నేళ్లు తవ్విన కందకాలు దేనికని అడిగాను. మామ నా మీద కోప్పడలేదు.

"నీళ్లు పోతే వానొచ్చినప్పుడు మళ్లొస్తాయమ్మా. బిడ్డ పోతే వస్తాదా? ఈరన్నను అడుగు" అన్నాడు.

ఈరన్న ఎవరి వైపూ చూడకుండా, "నా బోరు మూత తీసినా" అన్నాడు.

నీళ్లు తగ్గుతుంటే పిల్లలు మెలకువగా ఉంటే బతకరు. అందుకని మేడమ్ వాళ్లను పట్నం ఆసుపత్రిలో చేర్పించి, మత్తులో ఉంచి, సెలైను ఎక్కించే ఏర్పాటు చేసింది. కొత్త మందు ఇచ్చి దాహం తగ్గిస్తారని పిల్లలకు చెప్పారు. నీల నన్ను ఒకసారి సూటిగా చూసింది. నేను దాని జడ అల్లుతూ ఉండిపోయాను.

పిల్లలను తీసుకెళ్లిన వ్యాన్ పట్నం చేరి, వాళ్లకు మత్తు ఎక్కించారని ఫోన్ రాగానే మోటార్లు మొదలయ్యాయి. ఊళ్లో ఉన్నవన్నీ. మామ తోటలో మూత తీసిన లోతు బోరుకు కొత్త మోటారు దించారు. నీళ్లు ఎండిన చీనీ మొదళ్ల మీదుగా, బీడు మీదుగా, బండ్ల బాట మీదుగా, మా వీధిలోకి వచ్చాయి. వీధిలో చీలమండ లోతున నీళ్లు పారుతుంటే ఎవరూ బిందె పెట్టలేదు. చిన్నపిల్లలు కాగితప్పడవలు వదలబోతే తల్లులు రెక్క పట్టి లోపలికి లాక్కుపోయారు. మా ఊళ్లో అన్ని నీళ్లు నా జన్మలో చూడలేదు. కుక్కలు కూడా వాటిని తాగకుండా అరుగుల మీదికెక్కి నిలబడ్డాయి. కొండ అవతలి వాళ్లు తమ బోర్లెండిపోతున్నాయని తిట్టుకుంటూ వస్తే మా ఊరి మగవాళ్లు బాటకు అడ్డంగా కూర్చున్నారు.

నేను ఆసుపత్రికి వెళ్లిపోయాను. ఆ నీళ్ల చప్పుడు వినలేకపోయాను.

వార్డులో ఆరు మంచాలు. ఆరుగురూ మత్తు నిద్రలో ఉన్నారు. నిద్రలోనే మింగుతున్నారు. ఆరు గొంతులూ ఒకే లయలో లేచి దిగుతున్నాయి, మోటారుకు తగ్గట్టు. నర్సు ఒకామె అది చూసి, ఆ గదికి రానని డ్యూటీ మార్చుకుంది. నేను నీల పక్కన కూర్చుని పెదవులకు తడిగుడ్డ అద్దుతూ ఉన్నాను. ఎన్ని రోజులు అలా కూర్చున్నానో నాకు గుర్తులేదు.

ఒక మధ్యాహ్నం ఆరు గొంతులూ ఒకేసారి ఆగిపోయాయి. వంగి చూస్తే ఊపిరి ఆడుతోంది. మొహంలో నొప్పి లేదు. ఫోన్ మోగింది. మా ఆయన.

"జయా, బోరు గాలి పడతాంది. నీళ్లయిపోయినాయి" అన్నాడు. వెనక ఎవరో ఏడుస్తున్నారు. సంతోషానికో దేనికో తెలియలేదు.

నీలకు సాయంత్రానికి మెలకువ వచ్చింది. ఎక్కడున్నానని అడగలేదు. దాహమని అనలేదు. చాలాసేపు పైకప్పు చూసింది. చెవి పక్కన ఏదో అలికిడి కోసం వెతుకుతున్నట్టు తల అటూ ఇటూ తిప్పింది.

"నీళ్లేమైనాయి వదినా?" అంది.

నేను తడిగుడ్డ పిండి మంచం కమ్మీ మీద ఆరేశాను. అది గోడ వైపు తిరిగి పడుకుంది. ఇంటికి వచ్చాక కూడా ఎవరినీ నిందించలేదు. నిందించి ఉంటే మామ కాస్త తేలికపడేవాడు.

ఇప్పుడు మా ఊరికీ, కొండ అవతలి ఊళ్లకూ ట్యాంకర్లు వస్తాయి. అవతలి వాళ్లు మాకు పిల్లనివ్వడం, మా పిల్లను తీసుకోవడం మానేశారు. శ్రావణంలో ఒక మంచి వాన పడింది. పిల్లలు తవ్విన కందకాలు నిండాయి. వాన మొదలవగానే ఆరిళ్లలోనూ తల్లిదండ్రులు తమ పిల్లల గొంతుల వైపు చూస్తూ నిలబడ్డారు, మళ్లీ మొదలవుతుందేమోనని. నీల కిటికీ దగ్గర కూర్చుని వానలోకి చూసింది. చేయి గొంతు మీదికి పోలేదు. మామ దేవుడి పటం ముందు దీపం పెట్టాడు.

"ఒళ్లు సల్లగా నిండుతాంది అంటావే, అట్ల ఏమన్నా ఉండాదా?" అని అడిగాను, నోరు ఊరుకోక.

"ఏమీ లేదు వదినా. బయట వాన పడతాంది. అంతే."

ఆ తర్వాతి వారం నీల పొలంలో పడిపోయింది. మోసుకొచ్చి చూస్తే నాలుక అట్ట కట్టి ఉంది, పెదవులు చిట్లి ఉన్నాయి. నీళ్లెప్పుడు తాగావని డాక్టరు అడిగితే గుర్తులేదంది. మిగిలిన అయిదుగురినీ పిలిపించి అడిగారు. వాళ్లకూ గుర్తులేదు. దాహం అంటే ఎలా ఉండేదో చెప్పమంటే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేల కింద నీళ్లతోపాటు దాహమూ పోయింది, ఊరి నీళ్లు తెచ్చిన దాహమే కాదు, వాళ్ల సొంత దాహం కూడా. ఎండలో పని చేసినా, ఉప్పు తిన్నా, ఏమీ తెలియదు. తాగమని ఒకరు చెప్పాలి. చెప్పడం మరిచిపోతే వాళ్లంతట వాళ్లు తాగరు.

నేను పొద్దస్తమానం అరుస్తూ ఉంటాను, "నీలా, నీళ్లు తాగు" అని. చేలో ఉన్నా, వంటింట్లో ఉన్నా, చుట్టాలొచ్చినా. కొన్నిసార్లు పని సందడిలో మరిచిపోయి, గుర్తు రాగానే పరిగెత్తుతాను.

నిన్న ట్యాంకరు వచ్చినప్పుడు నాకు చేతినిండా పని ఉంది. మామ తనే బిందె పట్టుకొచ్చి, గ్లాసు ముంచి, నీలకిచ్చాడు. అది తాగింది. ఖాళీ గ్లాసు చాపింది. ఆయన మళ్లీ పోశాడు. తాగింది. మళ్లీ చాపింది. పోశాడు. కరిబసప్ప గుర్తొచ్చాడేమో, సగంలో ఆపాడు.

నీల గ్లాసులోకి చూసి, తండ్రి మొహంలోకి చూసింది. కోపంగా కాదు, నిజంగా తెలియకే అడిగింది.

"సాలా, ఇంగా తాగాల్నా నాయినా? ఎంత తాగాల్నో నాకు తెలీడంల్యా. నువ్వే సెప్పు."

మామ బిందె పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆయనకూ తెలియదు.